యల్లమ్మ ఫైలు

ఖండే నవమి రోజు పొద్దున దాజీ పేట్‌లో అంబాదాస్ కార్ఖానా ఆగిపోయింది. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలంటారు. దసరాకు ముందు రోజు, ఆయుధ పూజ నాడు, వాటికి తప్పనిసరి సెలవు. పనివాళ్లు సాంచాల మీది నూలు దుమ్ము దులిపి, రెంచీలు, కత్తెరలు, నూనె డబ్బాలు, కండెలు వాకిట్లో చాప మీద పేర్చారు. అంబాదాస్ భార్య చంద్రభాగ ఒక్కోదానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతోంది.

ఋతుజ మాత్రం డిజైన్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంది. చద్దర్లకు, గోడకు తగిలించే నేత బొమ్మలకు గ్రాఫ్ గీయడం ఆమె పని. గ్రాఫ్‌లో ఒక్కో గడి ఒక్కో పోగుకు ఆజ్ఞ. ఫైలు తయారు చేసి ఇస్తే, మగ్గం దాని ప్రకారం పోగులు ఎత్తుతుంది, దించుతుంది. కార్ఖానా డిజైన్లన్నీ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి.

ఇంట్లో మధ్య గోడ కట్టి రెండు గదులు చేసినట్టు, ఆ కంప్యూటర్ డిస్క్‌ను ఎవరో ఎప్పుడో రెండు భాగాలు చేశారు. ముందు భాగంలో కంప్యూటర్ నడవడానికి కావలసిన సామగ్రి. వెనక భాగం డి డ్రైవ్, అందులో డిజైన్లు. ముందు గది నిండిపోయి నెల రోజులుగా కంప్యూటర్ ఈడుస్తూ నడుస్తోంది. మధ్య గోడను వెనక్కి జరపాలి. జరపాలంటే వెనక గదిలోని సామానంతా కూడా జరగాలి. అది గంటలు పట్టే పని, మధ్యలో ఆపకూడని పని. మామూలు రోజుల్లో ఫైలు కోసం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అందుకే ఋతుజ సెలవు రోజును ఎంచుకుంది. ముందుగా ఇంకో డిస్క్‌లో కాపీ పెట్టుకొమ్మని ప్రోగ్రామ్ తెర మీద చెప్పింది. ఆమె చదివింది. చదివి, సరే అని నొక్కింది.

అంతకు ముందే చంద్రభాగ గదిలోకి వచ్చి టేబుల్ కింద చెయ్యి పెట్టింది.

"ఋతుజా, ఈ బ్యాటరీ డబ్బా ఇయ్యవే. దీనికి సుత బొట్టు పెట్టాలె."

"అది ఉండనీయ్ కాకూ, కరెంటు పోతే కావాలె."

"పండుగ నాడు కరెంటెందుకు పోతది? యాడాది పొడుగూత మోస్తున్నది, దానికి ఒక్క పువ్వు పెట్టొద్దా?"

యూపీఎస్ వాకిట్లోకి వెళ్లి, కత్తెరల పక్కన బంతిపూల దండ వేసుకుని కూర్చుంది. ఋతుజ కంప్యూటర్ తీగను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టింది.

ఆమె ఆ కార్ఖానాలో చేరింది పోయిన దీపావళి తర్వాత. ఇంతకుముందు పనిచేసిన చోట ఖండే నవమికి సాంచాలు ఆపేవారు, అంతే. ఇక్కడి పద్ధతి వేరు. హారతికి ముందు, కార్ఖానాలో అందరికంటే పాత మనిషి పసుపు చేత్తో మెయిన్ స్విచ్ దించాలి. అంబాదాస్ తండ్రి కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఇప్పుడు ఆ పాత మనిషి యాదగిరి. సాంచాలు బాగుచేసే ఫిట్టర్. వాటి చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పగలిగేంత కాలంగా ఉన్నాడు.

"మార్కండేయ మహారాజ్ కీ జై" అన్నారు వాకిట్లో. యాదగిరి మెయిన్ దించాడు.

డిజైన్ గదిలో ఫ్యాను నెమ్మదించింది. తెర నల్లబడింది. పని ఎంతయిందో చూపే నీలం గీత అప్పటికి సగం దాటి ఉండింది.

ఋతుజ గడప దాకా పరుగెత్తింది. "మామా, ఏం జేసినవ్?"

"ఏం జేసిన? మెయిన్ దించిన. యేటా దించుత."

"లోపల కంప్యూటర్ చాలూ ఉండె!"

"ఖండే నవమి నాడు కంప్యూటర్‌తోని ఏం కామ్ పోరి నీకు? మేమంతా చేతులు కట్టుకొని కూసున్నది పాగల్‌లమనా?"

మగ్గం నడిపే ప్రతీక్ అందుకున్నాడు. "ఋతుజక్క యముని కాడికి పోయినా ఓవర్‌టైమ్ అడుగుతది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది. రాలేదు.

హారతి అయ్యాక స్విచ్ ఎత్తారు. కంప్యూటర్ లేచింది. డి డ్రైవ్ మీద నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది. ఋతుజ మౌస్ మీంచి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

అందులో ఏమున్నాయో ఆమె ఒక్కొక్కటిగా తలుచుకుంది. చద్దర్ల డిజైన్లు పోయినా చద్దర్లు ఉన్నాయి. గోదాములో ప్రతి డిజైన్‌కు ఒక నమూనా ముక్క ఉంది. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి గ్రాఫ్ మళ్లీ గీయొచ్చు. నెలలు పడుతుంది కానీ గీయొచ్చు. ఇంకా నేయనిది ఒక్కటే ఉంది. యల్లమ్మది.

యల్లమ్మ యాదగిరి భార్య. ముందు దాజీ పేట్‌లో, తర్వాత కుంభారి దగ్గర రాయ్‌నగర్ కాలనీలో, బతికినన్నాళ్లూ బీడీలు చుట్టింది. పోయిన ఏడు కార్తీకంలో చనిపోయింది. సంవత్సరీకానికి ఆమె బొమ్మను తన చేత్తో నేసి గోడకు తగిలించాలని యాదగిరి కోరిక. సెలవు రోజు చూసుకుని ఒక సాంచా వాడుకొమ్మని అంబాదాస్ ఒప్పుకున్నాడు. వినాయక చవితికి ముందు యాదగిరి ఒక ఫొటోను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కాలనీలో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఎవరో తీసి ఇచ్చిన ఫొటో. యల్లమ్మ గడప మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీ చుడుతోంది. వానకు గోడ చెమ్మెక్కి ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఋతుజ అద్దంతోనే స్కాన్ చేసింది. తర్వాత యాదగిరి ఇంటికి తీసుకెళ్లి కొత్త అద్దం వేద్దామని పాతది లాగితే, ఫొటో పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"పోనీ తీయ్ బిడ్డా" అన్నాడు మర్నాడు. "నీ డబ్బాల ఉన్నది గదా."

అప్పటి నుంచి డ్యూటీ దిగాక రోజూ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడేవాడు. ఋతుజ గడి గడిగా రంగు నింపుతుంటే చూసేవాడు. ఆ వేలికి దారం ఇంకొక చుట్టు ఉండాలని, బొటనవేలి గోరు ఇంకా పొడుగని చెప్పేవాడు. డిజైన్ నవరాత్రుల్లోనే పూర్తయింది. స్కాన్, డిజైన్, రెండూ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి.

ఆ సంగతి యాదగిరికి తట్టలేదు. కరెంటు వచ్చింది, కంప్యూటర్ లేచింది, అంతా బాగైందనుకున్నాడు. ప్రసాదం తిని కుంభారి బస్సెక్కాడు.

ఋతుజ కొంతం చౌక్‌లో కంప్యూటర్లు బాగుచేసే తుషార్‌కు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది.

"ఫార్మాట్ కొట్టినవా?" అన్నాడు.

"లే."

"వేరే ఏమన్న నొక్కినవా?"

"ఏం నొక్కలె దాదా."

"శాబాస్. ఇప్పుడు దాన్ని బంద్ చేసి ప్లగ్గు పీకు. దాని మీద ఒక్క అక్షరం సుత రాయొద్దు. పాత సామాన్ లోపల్నే ఉంటది గని యాడున్నదో మనకు తెల్వది. కొత్తది రాస్తే సీదా దాని నెత్తి మీద పడొచ్చు."

"ఇప్పుడే తెస్త."

"ఇప్పుడు నా స్క్రూడ్రైవర్లన్ని దేవుని కాడున్నయ్. దసరా కానీయ్."

ఋతుజ ప్లగ్గు పీకింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండు రోజులు గడిస్తే డిస్క్ బాగైపోతుందేమో, చెప్పే అవసరమే రాదేమో అనుకుంది.

దసరా పొద్దున ఆమె వచ్చేసరికి డిజైన్ గది నిండా మనుషులు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. అంబాదాస్ తెల్ల చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన యాదగిరి చేతిలో కొబ్బరికాయ.

"రా, రా. చాలూ కర్" అన్నాడు అంబాదాస్. "ముహూర్తం దాటుతున్నది."

"దేనికి కాకా?"

చంద్రభాగ చెప్పింది. దసరా నాడు సాంచాలు మొదలయ్యే ముందు యజమాని కొత్త గ్రాఫ్‌లో శ్రీ రాయాలి. వెనకట కాయితం మీద రాసేవారు. కంప్యూటర్ కొన్నప్పటి నుంచి అందులోనే, డిజైన్లుండే చోట, రాసి దాస్తున్నారు. అది రాశాకే కొబ్బరికాయ, ఆ తర్వాతే సాంచాలు.

ఋతుజ గోడకు ఆనుకుంది. "ఈ యాడాది దీంట్ల వద్దు కాకా."

"వద్దంటే?"

"డిస్క్ బిగడింది. డిజైన్లు కనవడ్తలేవు. ఇప్పుడు రాస్తే లోపల మిగిలింది సుత పోతది. తుషార్ దాదా ముట్టొద్దన్నడు."

"కనవడ్తలేవంటే ఏందే? అన్నీనా?" అంబాదాస్ కుర్చీ తిప్పాడు. "గోదాముల నమూనాలున్నయా?"

"ఉన్నయ్."

"మరింక ఏం భయం? మళ్ల గీద్దువు. శుభం పూట శ్రీ ఆపుతమా?"

"ఫార్మాట్ కొడితే సాఫ్ అయితది కాకా" అన్నాడు ప్రతీక్. "నా మొబైల్ గట్లనే చేసిన. కొత్తదాని లెక్క నడుస్తున్నది."

"నువ్వు నోరు ముయ్" అంది ఋతుజ.

చంద్రభాగ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పండుగ పూట వద్దు అనొద్దు తల్లీ. మంచిది కాదు."

యాదగిరి నవ్వాడు. "నేను మెయిన్ దించిన్నని అలిగినట్టున్నది. జరుగు బిడ్డా, నేనే చాలూ చేస్త." కొబ్బరికాయను చంకలో పెట్టుకుని, వంగి, కిందపడి ఉన్న ప్లగ్గు అందుకున్నాడు.

ఋతుజ అతని మణికట్టు పట్టుకుంది.

"నక్కో మామా, పెట్టకు. యల్లమ్మత్త దీంట్లనే ఉన్నది."

"ఉన్నది గదా. మరి?"

"యాడున్నదో దొరుకుతలేదు. నిన్న సామాన్ జరుపుతుంటె కరెంటు పోయింది గదా... అప్పటి సంది."

యాదగిరి ప్లగ్గును నేల మీద పెట్టాడు. విసిరేయలేదు, పడేయలేదు, పెట్టాడు. పసుపు ఇంకా పూర్తిగా వదలని తన కుడి అరచేతిని చూసుకున్నాడు.

"నేనే దించిన గదా" అన్నాడు.

"నేను కాపీ పెట్టుకోలె మామా. పెట్టుకొమ్మని చెప్పింది అది. నేనే పెట్టుకోలె."

ప్రతీక్ వాకిట్లోకి వెళ్లిపోయాడు. అంబాదాస్ నల్లటి తెర వైపు చూశాడు. తర్వాత భార్యను పిలిచాడు.

"అటక మీద గ్రాఫ్ కాయితాలున్నయా?"

"బాపు కాలంవి? ఉంటయ్."

"తే. ఒక ఎర్ర పెన్సిల్ సుత తే." లేచి, కుర్చీని టేబుల్ కిందికి నెట్టాడు. "మనిషి మీద శ్రీ రాయను."

కాయితం అంచులు పసుపు పచ్చబడి ఉన్నాయి. అంబాదాస్ వాకిట్లో చాప మీద కూర్చుని గడులు నింపాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఒకచోట తప్పు పోయి, చెరిపి మళ్లీ నింపాడు. ముహూర్తం దాటిందని ఎవరూ గుర్తు చేయలేదు. ఆ కాయితాన్ని మొదటి సాంచాకు అతికించాక యాదగిరి కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు ఋతుజ కంప్యూటర్ డబ్బాను ఆటోలో పెట్టుకుని కొంతం చౌక్ వెళ్లింది. దుకాణం మెట్ల మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు. కుంభారి నుంచి మొదటి బస్సుకు వచ్చేశాడు. సెలవు చీటీ పంపానన్నాడు. జమ్మిలాగే దసరాకు బంగారం, అక్కడి మాటలో సోనం, అని పంచే ఆపటా ఆకులు తెచ్చి తుషార్ చేతిలో పెట్టాడు. తుషార్ అతని కాళ్లకు మొక్కాడు.

"నువ్వు పెద్దోనివి మామా, నీ చేతి సోనం మంచిదే. గని నేను ఖరార్‌గ చెప్తలేను. దొరకొచ్చు, దొరకకపోవచ్చు."

డిస్క్‌ను విప్పి బయటికి తీశాడు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్ మీదికి నకలు తీశాడు. అసలును ఒక కవర్లో పెట్టి పక్కన పెట్టాడు. వెతకడమంతా నకలు మీదే, అసలును ఇక ముట్టకూడదన్నాడు. నకలుకే మధ్యాహ్నమైంది. ఋతుజ వడాపావ్ తెచ్చింది. యాదగిరి తన వంతు కాయితంలోనే ఉంచి, స్టూలు మీంచి తెర వైపు చూస్తున్నాడు. అంకెలు పైకి పోతున్నాయి.

"ఇప్పుడిది ఏం జేస్తున్నదయ్యా?"

"ఏ ఫైలు యాడున్నదో చెప్పే పట్టిక చెడింది మామా. ఫైళ్లు ఉన్నయ్, అడ్రస్ లేదు. అందుకే ఇది మొదటి సంది ఇల్లిల్లు తిరుగుతున్నది."

యాదగిరి తల ఊపాడు. "మా రాయ్‌నగర్ లెక్క."

"ఎట్ల?"

"మేము పోయిన కొత్తల ఇండ్లన్ని ఒక్కతీర్గనే ఉండె. ఒక దినం డ్యూటీ దిగి పోయి ఇంకోని ఇంట్ల చెప్పులిడిచి, నీళ్లియ్యవే అన్న. ఆ యింటామె ఇచ్చింది సుత. తాగినంక చూస్త, మా గ్లాసు కాదు." తుషార్ నవ్వాడు. యాదగిరి కూడా నవ్వాడు. "ఊరంత చెప్పుకొని నవ్విండ్రు. తెల్లారి యల్లమ్మ గేటుకు లాల్ గుడ్డపేలిక కట్టింది. గుడ్డ చూసి రా, మొగం చూసి రాకు అన్నది."

"గదే మామా. ప్రతి ఫైలు గేటుకు గట్ల ఒక గుర్తుంటది. డిజైన్ ఫైలుకు ఒకటి, ఫొటోకు ఒకటి. ఇది ఆ గుర్తులే చూస్కుంట పోతున్నది."

సాయంత్రానికి డిజైన్లు రావడం మొదలైంది. పేర్లు లేవు, అంకెలున్నాయి. నెమలి అంచు చద్దరు, ఏనుగుల చద్దరు, గళ్ల చద్దర్లు. పాతవన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఋతుజ ఒక్కోటి తెరిచి మూస్తోంది. స్కాన్ చేసిన ఫొటో రాలేదు. గోడ జరిగినప్పుడు ఇంకేదో దాని మీద పడిందని, అదింక రాదని తుషార్ అన్నాడు.

తర్వాత తెరిచిన ఫైలు సగమే తెరుచుకుంది. పై భాగమంతా నలుపు. కింద గడప. గడప మీద చీర అంచు. ఒళ్లో చాట, చాటలో తునికాకులు. వాటి మీద రెండు చేతులు.

ఋతుజ కుర్చీ పక్కకు జరిపింది, యాదగిరికి కనిపించేలా.

"మెడ కాడికి ఆగింది" అన్నాడు అతను.

తుషార్ గొంతు తగ్గించాడు. "దినాం మార్చుకుంట దాసిన ఫైలు గదా మామా, ఒక్క తాన చోటు దొరకక కంప్యూటర్ రెండు ముక్కలు చేసి రాసింది. ఒక ముక్క ఉన్నది, రెండోది పోయింది. ఈ రకం ఫైలు కింది వరుస సంది పైకి రాసుకుంట పోతది. అందుకే కిందిది మిగిలింది."

"సాంచా లెక్కనే" అన్నాడు యాదగిరి. "కింది సంది నేస్తం మేము సుత. మధ్యల తెగితే తెగిందాంక బట్ట."

ముందుకు వంగి తెర మీద వేలు పెట్టాడు. ఎడమ చూపుడువేలికి చుట్టిన దారం. తను చెప్పి వేయించిన ఆ ఇంకొక చుట్టు. ఆకును మడిచే బొటనవేలి గోరు.

"పోరి, ఈ చేతులు నువ్వు మళ్ల గీయగలవా? ఫొటో లేకుంట?"

ఋతుజ ఆలోచించి జవాబిచ్చింది. "గీయలేను మామా. ఏ చేతులో గీస్త. ఇవి గీయలేను."

"గదే అంటున్న. ఇవి యాడ దొరకవు. మొగమంటే..." చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో యల్లమ్మ బీడీ కార్మికుల గుర్తింపు కార్డు. మూల మీద ముద్ర పడిన చిన్న ఫొటో. పొద్దున బస్సెక్కేటప్పుడే పెట్టుకుని వచ్చినట్టున్నాడు. "మొగం దీంట్ల ఉన్నది."

ఋతుజ కార్డును వెలుతురుకు పట్టి చూసింది. యల్లమ్మ కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, ఎదుటివాడిని కొట్టేలా చూస్తోంది.

"దీంట్ల అత్త మస్తు కోపంగ ఉన్నది మామా. మనం గీసిందాంట్ల వంచుకున్న తల. ఇది సీదా మన దిక్కు చూస్తున్నది. చేతులకు దీనికి జోడు కుదరదు."

"కార్డు ఫొటో కోసం లైన్ల పొద్దుందాక నిలవెట్టిండ్రు. చాటల ఆకు ఎండిపాయె. కోపం రాదా?" కార్డును వెనక్కి తీసుకుని తనూ చూశాడు. "నేను మెయిన్ దించిన్నని తెలిస్తే గిట్లనే చూస్తుండె. పెట్టు. గిదే పెట్టు."

"అతుకు కనవడ్తది మామా."

"కనవడనీ."

ఋతుజ తొమ్మిది రోజుల్లో ముఖం గీసింది. ప్రతిరోజూ పని ముగిశాక తుషార్ ఇచ్చిన రెండో డిస్క్‌లో కాపీ పెట్టింది. యాదగిరి రోజూ కుర్చీ వెనక నిలబడ్డాడు. కనుబొమల ముడి తగ్గించనివ్వలేదు.

దీపావళి తర్వాతి సెలవు రోజున మొదటి సాంచా ఒక్కటే నడిచింది. ఋతుజ, అంబాదాస్, చంద్రభాగ వచ్చారు. ప్రతీక్ కూడా పిలవకుండానే వచ్చి, లోపలికి రాబోతూ మెయిన్ స్విచ్ దగ్గర ఆగాడు. స్విచ్ పిడికి ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంది.

"మామా, ఏందిది?"

"ఋతుజను అడగకుంట ఇంక ఎవ్వడు దాన్ని ముట్టొద్దు" అన్నాడు యాదగిరి సాంచా మీంచి తల తిప్పకుండా. "నేను సుత."

బట్ట కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. గడప వచ్చింది. చీర అంచు, చాట, ఆకులు, చేతులు వచ్చాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి యాదగిరి ఒక అడుగు దగ్గరికి జరిగాడు. పోగు తెగలేదు. అతుకు దాటింది. గడ్డం, బిగించిన పెదవులు, తర్వాత కళ్లు వచ్చాయి.

"అబ్బో" అంది చంద్రభాగ. "ఎవలను చూస్తున్నదే గట్ల?"

"నన్నే" అన్నాడు యాదగిరి.